మనవలతో జియోకాషింగ్: చివరి పది మీటర్లే పరీక్ష

దొరికింది! మా మొదటి జియోకాష్ ఈరోజే దొరికింది. తెలియనివాళ్లకు చెబుతాను. ఎవరో ఒక డబ్బాను ఆరుబయట దాచి, అది ఉన్న చోటి అక్షాంశ రేఖాంశాలు నెట్‌లో పెడతారు. మనం జీపీఎస్‌తో వెతికి పట్టుకుని, లోపలి కాగితం మీద పేరు రాసి, డబ్బాను ఎక్కడిదక్కడ పెట్టేయాలి. మామూలు జనం వాడే జీపీఎస్‌లో చోటు కచ్చితంగా తెలియకుండా కావాలని పెట్టిన తేడాను అమెరికా ప్రభుత్వం 2000 మే 2న తీసేసింది. ఆ మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఓరెగాన్‌లో మొదటి డబ్బా దాచాడు.

యాప్ వేసుకోవడం, ఖాతా తెరవడం చిటికెలో అయిపోయాయి. కష్టానికీ, దారికీ 1 నుంచి 5 దాకా రేటింగ్ ఉంటుంది. రెండూ ఒకటిన్నర ఉన్నదాన్నే ఎంచుకున్నాం.

చెట్ల కిందికి వెళ్లగానే ఫోన్ సున్నా మీటర్లు అంది. అక్కడేమీ లేదు. రెండడుగులు వేస్తే తొమ్మిది మీటర్లంది, బాణం గిర్రున తిరిగింది. కొమ్మల కింద సిగ్నల్ చెదురుతుంది, దాచినవాళ్ల ఫోన్‌లోనూ కొంత తేడా ఉంటుంది. రెండూ కలిస్తే పది మీటర్లు ఇట్టే తప్పుతాయి. నేను బెంచీ కింద తడుముతుంటే ఒకాయన వచ్చి నిలబడ్డాడు. "పిల్లల్ని వెంటేసుకుని ఇక్కడ ఏం వెతుకుతున్నారండీ?" అన్నాడు. ఆ గొంతులో అనుమానం! ఇంత వయసొచ్చాక మనవల ముందు సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. యాప్ తీసి చూపించాను. నమ్మినట్టు తలాడించి, దూరంగా నిలబడి చూస్తూనే ఉన్నాడు. మనవడు నా చెయ్యి పట్టుకుని "ఇంటికెళ్దాం తాతయ్యా" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడు మనవరాలు రెయిలింగ్ దగ్గర నుంచి పిలిచింది: "తాతయ్యా, బోల్టులన్నీ తుప్పు పట్టాయి, ఇదొక్కటే పట్టలేదేం?" లాగితే ఊడొచ్చింది. అడుగున అయస్కాంతం, లోపల అగ్గిపుల్ల మందాన చుట్టిన కాగితం. పెద్దవాళ్లు కొందరు దొరకలేదని రాసి వెళ్లిపోయిన చోట మా ఎనిమిదేళ్ల పిల్ల కనిపెట్టింది, గర్వంగానే చెబుతున్నాను!

దాచినాయన మీద మాత్రం నాకు కోపం పోలేదు. వేలికొసంత డబ్బీని బోల్టులా దాచి ఒకటిన్నర రేటింగ్ ఇవ్వడం అన్యాయం. చిన్నపిల్లలు ఆశగా వస్తారని ఆలోచించొద్దా?

పిల్లలతో వెళ్లేవాళ్లు సైజు 'మైక్రో' అని ఉంటే వదిలేయండి, 'రెగ్యులర్' చూసుకోండి. అందులో బొమ్మలుంటాయి. ఒకటి తీసుకుంటే అంత విలువైనదో, ఇంకా మంచిదో పెట్టాలి. తినేవి మాత్రం పెట్టకండి, జంతువులు డబ్బా పాడుచేస్తాయి. నంబరు చెక్కిన బిళ్ల దొరికితే అది మనది కాదు, మరో కాష్‌లో వదలాలి. పెన్ను మీరే పట్టుకెళ్లండి. ఫోన్ పది మీటర్లు అనగానే దాన్ని జేబులో పెట్టి, కొత్తగా, తేడాగా కనిపించేవి చూడమని పిల్లలకు చెప్పండి.

దొరికిందని యాప్‌లో రాసి, ఎక్కడుందో బయటపెట్టకుండా రేటింగ్ పెంచమని దాచినాయనకు విడిగా మెసేజ్ పెట్టాను. ఇంకా జవాబు లేదు.