చిన్న బోటు ఇంజనుతో రెండు బ్యాటరీల ఛార్జింగు: భీమిలి ఒడ్డున జరిగిన పని

గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో ఉంచుకున్న మా పదహారడుగుల ఫైబరు బోటుకు రెండో బ్యాటరీ అమర్చే పనిని ఏప్రిల్ 15న సముద్రంలో చేపల వేట నిషేధం మొదలైన వారంలోనే చేపట్టాను. లైట్లు, ఫిష్ ఫైండరు, జీపీఎస్ రాత్రంతా వాడుకున్న తరువాత ఉన్న ఒక్క బ్యాటరీ తెల్లవారేసరికి ఇంజనును తిప్పలేక, నడిసంద్రంలో తాడు లాగి స్టార్టు చేయవలసి రావడమే ఇందుకు కారణం.

స్టార్టింగుకు ఉన్న 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీని ఇంజను పక్కనే ఉంచి, మిగిలిన వాడకానికి 65 ఆంపియర్ అవర్ల డీప్ సైకిల్ బ్యాటరీని (ఎక్కువసేపు నెమ్మదిగా వాడుకుని మళ్లీ నింపుకునే రకాన్ని) బరువు సరితూగేలా ముందు భాగంలో పెట్టాను. రెండింటి మధ్య మొదట డయోడు ఐసొలేటరు (కరెంటును ఒకవైపే పోనిచ్చి బ్యాటరీలను విడివిడిగా ఉంచే పరికరం) వేసి చూశాను. అయితే సిలికాన్ డయోడు 0.6 నుంచి 0.7 వోల్టులు తానే తినేస్తుంది కనుక, చిన్న ఇంజనులో వోల్టేజిని అదుపుచేసే రెగ్యులేటరు ఇచ్చే 14.1 వోల్టులలో బ్యాటరీకి చేరేది 13.4 మాత్రమే. అంతటితో లెడ్ యాసిడ్ బ్యాటరీ ఏనాడూ నిండదు. అందుకని దానిని తీసివేసి, స్టార్టింగు బ్యాటరీ 13.3 వోల్టులు దాటితే రెండింటినీ కలిపి, 12.8కి పడితే విడదీసే రిలేను, అంటే తనంతట తానే పనిచేసే స్విచ్చును, బిగించాను. ప్రతి బ్యాటరీ పాజిటివుకూ జానెడు దూరం లోపలే ఫ్యూజు పెట్టాను. చేతితో తిప్పే స్విచ్చును మాత్రం వద్దనుకున్నాను. ఇంజను నడుస్తుండగా అది పొరపాటున ఆఫ్ మీదికి వెళ్తే, ఇంజను పుట్టించే కరెంటును బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చే రెక్టిఫయరు కాలిపోయే ప్రమాదం ఉంది.

నిషేధం ముగిశాక జూన్ మూడో వారంలో నీళ్లలోకి దిగినప్పుడు, ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నంతసేపూ రిలే టక్కుటక్కుమని కలుస్తూ విడిపోతూనే ఉంది. ఆ వేగంలో ఇంజను ఇచ్చేది రెండు ఆంపియర్లలోపే. ఖాళీ అయిన పెద్ద బ్యాటరీ కలవగానే వోల్టేజి పడిపోయి రిలే విడిపోయేది. వేగం 3000 ఆర్పీఎమ్‌కు పెంచగానే ఆ చప్పుడు ఆగింది. అయినా రిలే దగ్గర 14.1 ఉన్న వోల్టేజి ముందున్న బ్యాటరీ దగ్గర 13.5 మాత్రమే చూపించింది.

ఈ 0.6 వోల్టులు ఎక్కడ పోతున్నాయో వెతకడానికే రెండు ఆదివారాలు పట్టాయి. పాత వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది. పోనూరానూ ఎనిమిది మీటర్ల పొడవున ఆరు ఆంపియర్లు పారితే సుమారు 0.38 వోల్టులు పోవాలి, అంతకు మించి కాదు. ఛార్జింగు జరుగుతుండగానే మీటరు మొనలను ఒకే వైరు రెండు చివర్ల లగ్గులపై (వైరును బిగించే లోహపు కొనలపై) పెట్టి చూస్తే పాజిటివులో 0.19, నెగెటివులో 0.41 వచ్చింది. నెగెటివు లగ్గు దగ్గర తొడుగు చీల్చి చూసేసరికి, పైకి నిగనిగలాడుతున్న ఆ వైరు లోపల రాగి తీగలు బెత్తెడు మేర నల్లబడి, లగ్గు గొట్టంలో పచ్చని చిలుము పొడిపొడిగా రాలింది. ఉప్పుగాలి తీగల మధ్యనుంచి అంత లోపలికి పాకిందన్నమాట. రెండు వైర్లనూ 6 చదరపు మిల్లీమీటర్ల తగరపు పూత రాగి వైరుతో మార్చి, లగ్గులను క్రింపింగు పనిముట్టుతో గట్టిగా నొక్కి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం తొడిగి, బిగించిన తరువాత వాజలైన్ పూశాను. ఇప్పుడు ముందు బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు వస్తున్నాయి.

నా రాత్రి వాడకం రెండున్నర ఆంపియర్ల చొప్పున ఆరు గంటలకు 15 ఆంపియర్ అవర్లు. ఇంజను పూర్తి వేగంలో ఇచ్చేది ఎనిమిది ఆంపియర్లే కనుక, భీమిలి నుంచి రుషికొండ వైపు వెళ్లి వచ్చినంత మాత్రాన అది తిరిగి నిండదు. చివరి ఐదోవంతు మరీ నిదానంగా ఎక్కుతుంది. అందువల్ల వారానికొకసారి పెద్ద బ్యాటరీని ఇంటికి తెచ్చి రాత్రంతా ఛార్జరుకు పెడుతున్నాను. నిన్న అలా నింపి, కదపకుండా ఉంచి, ఈ ఉదయం చూస్తే 12.7 వోల్టులు ఉంది. బోటు అడుగున చేరే నీటిని తోడే బిల్జ్ పంపుకు వెళ్లే పాత వైరు తొడుగును ఇంకా చీల్చి చూడవలసి ఉంది.