మా మగ్గం ఇంట్లో ఫ్యాన్ లేని పీసీ

బరంపురంలో మా వీధి అంతా పట్టు నేసే ఇళ్లే. ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది, ముందు గదిలో నాన్న గుంట మగ్గం, దాని వెనక గదిలో టీవీ. మధ్యలో తలుపుంది కానీ అది మూసింది నేనెప్పుడూ చూడలేదు. అమ్మ కండెలు చుట్టేటప్పుడు పొద్దుటి ఎండ గుమ్మంలోంచి పడితే సన్నటి పట్టు పీచు గాల్లో తేలుతూ మెల్లగా టీవీ గదిలోకి వెళ్లడం కంటికి కనిపిస్తుంది.

ఫ్యాన్ లేని కేస్, అంటే వేడిని తన గోడల ద్వారానే బయటికి పంపే పీసీ పెట్టె, అనగానే అందరూ నిశ్శబ్దం గురించే మాట్లాడతారు. నాకు నిశ్శబ్దం రెండో సంగతి, మొదటిది ఈ పీచు.

అంతకుముందు టీవీ కింద ఒక చిన్న పీసీ ఉండేది. రెండో వేసవిలో సినిమా మధ్యలో ఆగిపోవడం మొదలైంది. విప్పి చూస్తే హీట్‌సింక్ (వేడిని లాగి గాలిలోకి వదిలే లోహపు ముక్క) రెక్కల మీద పరుపులో దూదిలా ఒక పొర పేరుకుని ఉంది, గోటితో పట్టి లాగితే మొత్తం ఒకే ముక్కగా ఊడి వచ్చింది. వెలుతురులో పట్టుకుంటే అందులో ఎరుపు, మెరూన్, పసుపు చారలు. ఆ రెండేళ్లలో నాన్న ఏ రంగు చీరలు నేశాడో వరసగా చెప్పొచ్చు. పైగా గోపాల్‌పూర్ సముద్రం మాకు 15 కిలోమీటర్ల దూరం, ఆ చెమ్మగాలికి ఫ్యాన్ ఇరుసు కూడా గరగరమంటోంది. ఫ్యాన్ మారిస్తే మళ్లీ రెండేళ్లకు ఇదే కథ. గాలిని లోపలికి లాగకపోతే పీచూ లోపలికి రాదు, అంతే, అక్కడ తేల్చుకున్నాను.

తేల్చుకున్నాక మొదట చేసింది తప్పు. ఆన్‌లైన్‌లో 65 వాట్ల ప్రాసెసర్ దాకా పనికొస్తుందని రాసి ఉన్న ఒక పల్చటి కేస్ చవగ్గా దొరికితే తెప్పించాను. మే నెల మధ్యాహ్నం ప్రాసెసర్ 96 డిగ్రీలకు పోయి వేగం తగ్గించేసుకుంది, బొమ్మ ముక్కలు ముక్కలుగా వచ్చింది. డబ్బు పోయిన బాధ కన్నా, కొడుకు కష్టపడి బిగించాడని పక్కనే కూర్చుని చూస్తున్న నాన్న ఏమీ అనకుండా లేచి వెళ్లడం ఎక్కువ బాధించింది.

ఆ తర్వాతే కూర్చుని లెక్క సరిగ్గా వేశాను. ఫ్యాన్ లేని కేస్ చేసేదల్లా గది వేడి మీద ఇన్ని డిగ్రీలు అని కలపడమే. 25 డిగ్రీల గదిలో 65 వాట్లకు ప్రాసెసర్ 75 దగ్గర ఆగితే, 38 డిగ్రీల మా గదిలో అదే కేస్, అదే పని, 88 అవుతుంది. ఇంటెల్ ప్రాసెసర్లు ఎక్కువగా 100 దగ్గర తమను తాము కాపాడుకోవడం మొదలుపెడతాయి, అంటే మనకు మిగిలేది 12 డిగ్రీలు. పెట్టె మీద రాసిన వాట్లు వాళ్ల గదివి, మనం మన మే నెలతో చదువుకోవాలి. నేనైతే రాసినదాంట్లో సగం దగ్గరే ఉండమంటాను.

అందుకని స్ట్రీకామ్ అనే కంపెనీ కేస్ ఎఫ్‌సీ8 తీసుకున్నాను. అది 65 వాట్లకు చెప్పిన కేస్, నేను అందులో నడిపేది 35. వాళ్లదే డీబీ4 అని ఒక చదరపు పెట్టె ఉంది, నాలుగు గోడలూ హీట్‌సింకులే, చూడ్డానికి చాలా బావుంటుంది కానీ టీవీ కింద అరలో పట్టదు. ఎఫ్‌సీ8 బయటి నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది, కస్టమ్స్ కలిపితే ప్రాసెసర్ కన్నా కేసే ఎక్కువ పడింది. అయినా ఈ ఖర్చు ఒక్కసారే, లోపలి బోర్డు (మదర్‌బోర్డు) తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ప్రాసెసర్ ఇంటెల్ ఐ3-12100. చివర టి అక్షరం ఉండే 35 వాట్లది మా వైపు షాపుల్లో దొరకలేదు, దొరక్కపోయినా నష్టం లేదు, మామూలు దానికే బయోస్‌లోకి, అంటే బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి పీఎల్1 (ఎక్కువసేపు వాడుకునే వాట్ల హద్దు) ని 35కి, పీఎల్2 (కొద్దిసేపు వాడుకునే హద్దు) ని కూడా అంతకే తగ్గించాను. సినిమా చూడటానికి అసలు అంత కూడా అక్కర్లేదు, వీడియోలను కుదించే పద్ధతులు హెచ్ఈవీసీ, ఏవీ1 రెండూ అందులోని గ్రాఫిక్స్ భాగమే విప్పేస్తుంది. సినిమాలు తప్ప ఇంకేమీ వద్దనుకునేవాళ్లకు ఇంటెల్ చిన్న ప్రాసెసర్ ఎన్100 చాలు, అది 6 వాట్లది, దానికి ఇంత పెద్ద కేస్ దండగ.

కొనేముందు చేయాల్సిన పని ఒకటుంది, దీన్ని మాత్రం దయచేసి వదలొద్దు. ప్రాసెసర్ నుంచి కేస్ గోడ దాకా రాగి గొట్టాలు వెళ్తాయి, వాటి దారిలో ఏమీ అడ్డం ఉండకూడదు. నేను అట్టముక్కను బోర్డు సైజుకు, 17 సెంటీమీటర్ల చదరంగా కత్తిరించి, బోర్డు కంపెనీ పెట్టిన బొమ్మ చూసి ప్రాసెసర్ కూర్చునే సాకెట్, ర్యామ్, పవర్ భాగాల మీది హీట్‌సింక్ పెన్సిల్‌తో గీసుకుని, గొట్టాల బదులు చీపురు పుల్లలు పెట్టి చూశాను. మొదట అనుకున్న బోర్డులో రెండు పుల్లలు సరిగ్గా ఆ హీట్‌సింక్ మీదే పడ్డాయి. బోర్డు మార్చుకున్నాను.

ఆ గొట్టం లోపల కొద్దిగా నీళ్లుంటాయి, గాలి తీసేసి మూస్తారు కాబట్టి తక్కువ వేడికే ఆవిరవుతాయి. ఇడ్లీ పాత్రలో ఆవిరి మూతకు తగిలి చుక్కలై జారినట్టు, ప్రాసెసర్ దగ్గర లేచిన ఆవిరి గోడ దగ్గర చల్లబడి నీరవుతుంది, గొట్టం లోపలి వత్తిలాంటి పూత దాన్ని మళ్లీ వెనక్కి పీల్చుకుంటుంది. కానీ గొట్టానికీ గోడకీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉన్నా ఇదంతా వృథా. గొట్టం కూర్చునే గాడి పొడుగునా థర్మల్ పేస్ట్ (వేడిని దాటించే ముద్ద) పెట్టాలి, ప్రాసెసర్ మీద చుక్క పెట్టినట్టు పెడితే చాలదు. స్క్రూలు ఒకటి పూర్తిగా, తర్వాత ఇంకొకటి అని కాకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాను.

ఫ్యాన్ లేకపోతే ప్రాసెసర్ ఒక్కటే కాదు, ఎస్ఎస్‌డీ కూడా కాగుతుంది. దానికి థర్మల్ ప్యాడ్ వేసి కేస్ అడుగుకు ఆనించాను. పెద్ద హార్డ్ డిస్క్ లోపల పెట్టలేదు, దాని వేడి మనకెందుకు. కరెంటు బయటి అడాప్టర్ నుంచి వస్తుంది, ఆ వేడి కూడా బయటే. మొత్తం వాడకం తక్కువ కాబట్టి కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నిక్షేపంగా నడుస్తుంది.

టీవీ బల్లకు ఉన్న అద్దం తలుపులు ఊడదీశాను. వేడెక్కిన గాలి పైకి పోవడానికి దారి లేకపోతే ఎంత మంచి కేస్ అయినా చేసేదేమీ లేదు. ఆ పని అమ్మకు నచ్చలేదు. మర్నాడు చూస్తే పీసీ మీద చక్కగా అల్లిక గుడ్డ పరిచి ఉంది.

"అమ్మా, దీని మీద గుడ్డ వేయకూడదే."

"దుమ్ము పడదురా మరి?"

"పడనీ. వేడి బయటికి పోవాలి. చెయ్యి పెట్టి చూడు."

పెట్టి చూసింది. "వేడన్నం గిన్నెలా ఉందిరా," అని తనే గుడ్డ తీసేసింది. ఇప్పుడు పక్కింటి పిన్ని వచ్చి రిమోట్ దాని మీద పెట్టినా ఊరుకోదు.

ఈ మే నెలలో ఒక మధ్యాహ్నం థర్మామీటర్ పెట్టి చూశాను. గది 37, సినిమా ఆడుతుంటే ప్రాసెసర్ 58. కావాలని గంటసేపు ప్రాసెసర్‌కు పూర్తి పని పెడితే 83, అక్కడే నిలిచింది. పైన సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే ఇంకో నాలుగైదు డిగ్రీలు తగ్గుతోంది.

దసరాకు ముందు మూత తీశాను. లోపల బోర్డు కొన్నప్పుడు ఎలా ఉందో దాదాపు అలాగే ఉంది. పీచంతా బయట, పక్క రెక్కల మధ్య నిలువుగా కూర్చుంది, ఈసారి ఎక్కువగా ఆకుపచ్చ. నాన్న మగ్గం తుడిచే మెత్తటి బ్రష్ తెచ్చి పైనుంచి కిందికి నాలుగుసార్లు లాగి, "ఇది నేను చూసుకుంటాలే," అని బ్రష్‌ని టీవీ బల్ల మీదే పెట్టేశాడు.