హమురాబి: పన్నెండు ఆటల తర్వాత గాదె లెక్కలు

బ్రౌజర్‌లో హమురాబి అనే పాత కంప్యూటర్ ఆట ఆడడం మొదలుపెట్టి మూడు వారాలైంది, ఇప్పటికి పన్నెండు ఆటలు పూర్తి చేశాను. ఈ ఆటలో బొమ్మలూ లేవు, పటమూ లేదు. ఏడాదికొకసారి రాజుగారికి, అంటే ఆడేవాళ్లకి, ఒక నివేదిక వస్తుంది. దాన్ని చదివి, భూమి ఎంత కొనాలో లేదా అమ్మాలో, జనానికి ఎన్ని బుషెళ్ల (ధాన్యం కొలిచే ఒక పాత కొలత) ధాన్యం పెట్టాలో, ఎన్ని ఎకరాల్లో విత్తాలో అంకెల్లో చెప్పాలి. పదేళ్ల పాలన ముగిశాక తీర్పు వస్తుంది. మొత్తం ఆట పది నిమిషాల పని.

దీని మూలరూపాన్ని 1968లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ కంపెనీలో పనిచేస్తున్న డగ్ డైమెంట్ ఫోకల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారు. డేవిడ్ ఆల్ దాన్ని బేసిక్‌లోకి మార్చి, 1973లో తాను వెలువరించిన ఆటల పుస్తకంలో చేర్చారు. బాబిలోన్ రాజు హమ్మురాబి పేరులో ఒక 'మ' తగ్గిన ఈ రూపమే తర్వాత అందరికీ తెలిసింది. అసలు ఆలోచన ఇంకా పాతది. న్యూయార్క్ రాష్ట్రంలో బడిపిల్లలకు పాఠం చెప్పే మేబుల్ ఆడిస్ 1960ల్లో సుమేరు నాగరికత మీద రూపొందించిన ఆటే దీనికి తల్లివేరు. నేను ఆడుతున్నది బేసిక్ రూపాన్ని అలాగే జావాస్క్రిప్ట్‌లోకి తెచ్చినది.

ఆట మొదలయ్యేటప్పుడు చేతిలో 100 మంది జనం, 1,000 ఎకరాలు, 2,800 బుషెళ్లు ఉంటాయి. మనిషికి ఏడాదికి 20 బుషెళ్ల తిండి కావాలి, ఒక బుషెల్ విత్తనం రెండెకరాలకు సరిపోతుంది, ఒక మనిషి పదెకరాలు సాగు చేయగలడు. ఎకరం ధర ఏటా 17 నుంచి 26 బుషెళ్ల మధ్య ఊగుతుంది, దిగుబడి ఎకరాకు 1 నుంచి 5 బుషెళ్ల దాకా ఎంతైనా రావచ్చు. ఇవేవీ చదవకుండానే మొదటి ఆటకు కూర్చున్నాను. తిండికి ఎంత అని అడిగితే, ఎంతమందికి అని అడుగుతున్నారనుకొని 100 అని కొట్టాను. ఆ ధాన్యం అయిదుగురికే సరిపోయింది. మిగిలిన 95 మంది ఆకలితో పోయారు, నన్ను మొదటి ఏడాదే గద్దె దింపారు. ఒక్క ఏడాదిలో జనాభాలో 45 శాతానికి మించి ఆకలికి పోతే ఆట అక్కడితో సరి.

రెండో ఆటలో పొదుపు మంత్రం పట్టాను. తొలి ఏడాది భూమి ధర 25 ఉందని 200 ఎకరాలు అమ్మేశాను, గాదెలో 7,800 బుషెళ్లయ్యాయి. తిండికి 2,000, మిగిలిన 800 ఎకరాల విత్తనానికి 400 పోగా 5,400 బుషెళ్లు నిల్వ పెట్టి, కరువొచ్చినా ఇక దిగులు లేదనుకున్నాను. మరుసటి ఏడాది నివేదికలో ఎలుకలు 2,700 బుషెళ్లు తిన్నాయని ఉంది. సగానికి సగం!

ఆ కోపంలోనే పేజీ కోడ్ తెరిచి చదివాను, నాకు ఈ ఆట నిజంగా అర్థమైంది అప్పుడే. ప్రోగ్రాం ఏటా 1 నుంచి 5 లోపు ఒక అంకె తీస్తుంది. 2 పడితే ఎలుకలు నిల్వలో సగం తింటాయి, 4 పడితే పావు వంతు తింటాయి, బేసి అంకె పడితే ముట్టవు. కానీ అవి తినేది తిండికీ విత్తనానికీ పోగా గాదెలో మిగిలిన పాత ధాన్యాన్నే. కొత్త పంట ఆ లెక్క తేలిన తర్వాతే గాదెకు చేరుతుంది కాబట్టి దాని జోలికి రావు. అంటే దాచుకోవలసిన చోటు గాదె కాదు, భూమి. మిగులు ధాన్యమంతా ఎకరాలుగా మార్చి, అవసరమైనప్పుడు అమ్ముకోవాలి.

ఇది అయిదో ఆటలో బాగా పనిచేసింది. తొలి ఏడాది ఎకరం 17 బుషెళ్లకే వచ్చింది, 17 ఎకరాలు కొన్నాను. గాదెలో 12 బుషెళ్లే మిగిలాయి. దిగుబడి ఎకరాకు ఒక్క బుషెల్ చొప్పున, 999 వచ్చింది. రెండో ఏడాదికి జనం 107 మంది, నిల్వ 1,011; తిండికే 2,140 కావాలి. అదృష్టం కొద్దీ ధర 24కు పెరిగింది, 67 ఎకరాలు అమ్మితే 1,608 వచ్చాయి. అందరికీ తిండి పెట్టి, 950 ఎకరాలకు 475 బుషెళ్ల విత్తనం వేశాక, గాదెలో సరిగ్గా నాలుగు బుషెళ్లు ఉన్నాయి. ఆ ఏడాది ఎలుకలు పడి సగం తిన్నాయి. వాటికి దక్కింది రెండు బుషెళ్లు. పంట ఎకరాకు నాలుగు చొప్పున పండింది.

పైన 999 అన్నది పొరపాటు కాదు. వందమంది వెయ్యెకరాలు దున్నాలి కదా అని 1,000 కొడితే, పనివాళ్లు చాలరని తిప్పి పంపుతుంది. కోడ్‌లో 'పది రెట్లకు తక్కువ' అని ఉందే తప్ప 'సమానం' అన్న మాట లేదు. మహమ్మారి విషయంలోనూ ఇలాంటి వింతే ఉంది. కోడ్‌లో వివరణగా పెట్టిన వ్యాఖ్యలో 15 శాతం అవకాశం అని రాసి, కింద సూత్రం మాత్రం లెక్క కడితే 20 శాతానికి తేలుతుంది. ఏడేళ్లు చక్కగా గడిపాక మూడుసార్లు మహమ్మారి పడితే నా ఆటతీరే బాగాలేదనుకున్నాను గానీ, తప్పంతా నాది కాదన్నమాట.

పేజీలో ఆటను దాచుకునే వీలు లేదు. ఎనిమిదో ఆటను ఫోన్‌లో ఆడుతూ, పై నివేదిక చూద్దామని తెరను కిందికి లాగితే పేజీ మళ్లీ మొదటికొచ్చి ఏడేళ్ల పాలన గాలిలో కలిసింది. అప్పటి నుంచి కంప్యూటర్‌లోనే ఆడుతున్నాను, పక్కన నోట్‌బుక్‌లో జనం, ఎకరాలు, నిల్వ, ధర అని నాలుగు గళ్లు గీసుకొని ఏటా నింపుతున్నాను. తెర మీద పాత అంకెలు పైకి పోయినా ధర పోకడ కళ్లముందే ఉంటుంది.

పదకొండో ఆటలో ఒక్కరినీ ఆకలికి పోనివ్వకుండా పదేళ్లూ దాటాను. ముగింపులో 121 మంది, 1,130 ఎకరాలు, తలకు 9.3 ఎకరాలు. తీర్పులో అన్నిటికన్నా పై మెట్టుకు తలకు పది ఎకరాలు కావాలి, ఆకలి చావుల సగటు మూడు శాతం దాటకూడదు. దాంతో 'ఫర్వాలేదు' అన్న రెండో మెట్టే దక్కింది, పైగా 41 మంది నన్ను చంపించాలని చూస్తున్నారని కూడా చెప్పింది. ఆ 41 కేవలం పాచిక, జనాభాలో 80 శాతం లోపు ఏదో ఒక అంకె.

తప్పు ఎక్కడ జరిగిందో నోట్‌బుక్‌లో తేలింది. తీర్పు పదకొండో నివేదిక తర్వాత వస్తుంది, అందులో ఎకరాలే లెక్క, ధాన్యం కాదు. కాబట్టి పదో ఏట విత్తిన పంట ఎవరికీ అక్కరకు రాదు. నేనేమో అలవాటు కొద్దీ 565 బుషెళ్లు నేలలో పోసి, 900 బుషెళ్లు గాదెలో ఉంచాను. ఆ ఏడాది ధర 18. ఆ 1,465 బుషెళ్లతో 81 ఎకరాలు కొని ఉంటే 1,211 అయ్యేవి, పై మెట్టుకు సరిగ్గా చాలేవి.

పన్నెండో ఆటలో ఆ తప్పు చేయలేదు. పదో ఏట ఒక్క గింజ విత్తకుండా, తిండి పోగా ఉన్నదంతా పెట్టి కొని 1,124 ఎకరాలకు చేరాను. అయినా 118 మందికి పదేసి ఎకరాలు రావడం లేదు. చివరి నివేదిక తెరిస్తే మహమ్మారి వచ్చి జనం దాదాపు సగానికి పడిపోయారు, తలకు పందొమ్మిది ఎకరాలు తేలి, పై మెట్టు పొగడ్త తెర మీదికి వచ్చింది. ఆ ఆటను నోట్‌బుక్‌లో రాసుకున్నాను గాని, పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టాను. పదమూడోది ఈ ఆదివారం ఆడతాను.