కార్తీకం అయిపోయింది, కోళ్ళ పని మొదలైంది

కార్తీక మాసం అంతా మా దగ్గర కోడి కావాలని అడిగినోళ్ళే లేరు, నిన్న పోలి పాడ్యమి అయ్యిందో లేదో ఫోన్ మోగడం మొదలు, అందరికీ ఆదివారానికే కావాలి. అందుకని ఈరోజు శనివారం మొత్తం కోళ్ళు కోసే పనిలోనే గడిచిపోయింది. చేతులకి పసుపు ఇంకా వదల్లేదు, తలస్నానం చేసినా జుట్టులో పొగ వాసన వస్తూనే ఉంది, అయినా పడుకునే ముందు నాలుగు ముక్కలు రాసుకోవాలనిపించింది.

మావి నూజివీడు పక్క మామిడి తోటలో తిరిగే కోళ్ళు. కొన్ని వనరాజ, అంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కోళ్ళ పరిశోధన వాళ్ళు పెరట్లో పెంచుకోడానికని తయారుచేసిన రకం, మిగతావన్నీ నాటువి. పొద్దున్నే షెడ్ తలుపు తీస్తే చెట్ల కింద ఆకులు గీరుకుంటూ పురుగూ పుట్రా, గడ్డి తింటాయి, సాయంత్రం నూకలు, తవుడు మనం వేస్తాం. చిన్న కోడిపిల్లలకైతే అత్తయ్య పాత కుండలో పేడా తడిపిన గడ్డీ కూరి నేల మీద బోర్లిస్తుంది, కొన్ని రోజులకి దాని నిండా చెదలు పడతాయి, కుండ ఎత్తగానే పిల్లలు ఎగబడి తింటాయి. ఎంత ఖరీదైన దాణా వేసినా ఆ చెదలు తిన్నప్పుడున్న ఊపు వాటికి రాదు, నేను చూశాను.

కోసే పని నిజానికి నిన్న సాయంత్రమే మొదలైంది. మేత ఆపేసి నీళ్ళు మాత్రం పెట్టాం. పేగులు ఖాళీగా ఉంటే లోపలివి తీసేటప్పుడు పగిలి మాంసానికి అంటుకోవు, నీళ్ళు ఆపితే మాత్రం కోడి వడిలిపోతుంది. పట్టుకోడం కూడా బాగా చీకటి పడ్డాకే, పగలు తరిమి పట్టుకుంటే అవి బెదిరిపోయి రెక్కలు కొట్టుకుని కమిలిపోతాయి, ఆ కమిలిన చోటు మాంసం నల్లగా కనిపిస్తుంది. రాత్రయితే చప్పుడు లేకుండా ఒక్కోదాన్నీ చంకలో పెట్టుకుని తెచ్చి గంప కింద పెట్టెయ్యొచ్చు. మా ఆయన పగలే పట్టేద్దాం టైం కలిసొస్తుంది అంటాడు, ఈ విషయంలో నేను అస్సలు ఒప్పుకోను. ఇన్ని నెలలు స్వేచ్ఛగా తిరిగిన కోడి, ఆఖరి గంటల్లో దాన్ని హడలగొట్టడం నాకు ఇష్టం లేదు.

పొద్దున తెల్లారకముందే ఊళ్ళో చికెన్ కొట్టు భాయి గారు వచ్చారు, హలాల్ ఆయనే చేస్తారు. ప్లాస్టిక్ డబ్బా అడుగు కోసి గరాటులా తిప్పి గోడకి కట్టాం, అందులో కోడిని తలకిందులుగా పెడితే రెక్కలు కొట్టుకోలేదు, మెడ ఒక్కటే కిందికి వస్తుంది. ఆయన కత్తి ప్రతిసారీ నూరుకుంటారు, బిస్మిల్లా అని ఒక్క కోతే, తల మొత్తం తెగకుండా. రక్తం పూర్తిగా కారేదాకా అక్కడే నిలబడతారు, తొందరపడరు. ఒకటి కోసేది ఇంకోదానికి కనపడకుండా గంపలు షెడ్ వెనక పెట్టాం. ఆ కాసేపూ మాలో ఎవరం గట్టిగా మాట్లాడం, ఎవరూ చెప్పకుండానే అలవాటైపోయింది.

తర్వాత వేడినీళ్ళు. 60 డిగ్రీలు దాటాక ఇంకొంచెం, అంతే, నాటుకోడికి బ్రాయిలర్ కన్నా కాస్త వేడి ఎక్కువ కావాలి కానీ మరిగే నీళ్ళలో ముంచితే తోలు ఉడికి చిరిగిపోతుంది. మేం థర్మామీటర్ పెడతాం, అత్తయ్యకి అది అక్కర్లేదు, రెక్క ఈక ఒకటి లాగి చూసి "చాల్లే అమ్మాయ్, తియ్యి" అంటుంది. ఈకలు పీకాక మిగిలిన నూగు వరిగడ్డి మంట మీద కాల్చి, పసుపు రాసి రుద్ది కడగాలి. గ్యాస్ బర్నర్‌తో చేస్తే గబగబా అయిపోతుంది గానీ గడ్డి మంటకొచ్చే వాసన, ఆ తోలు రంగు దానికి రావు.

లోపలివి తీసే పని నాది. లివర్‌కి ఆకుపచ్చగా అతుక్కుని ఉండే చేదు తిత్తి పగిలితే ఆ కోడి అంతా చేదే, అందుకే అది తీసేటప్పుడు ఎవరు పిలిచినా పలకను. కందనకాయలు కోస్తే మా కోళ్ళు ఎక్కడెక్కడ తిరిగాయో తెలిసిపోతుంది, చిన్న రాళ్ళు, గడ్డి పీచు, ఈరోజు ఒకదాంట్లో ఎర్ర గాజు ముక్క, అంచులన్నీ అరిగి నున్నగా అయిపోయింది. గుడ్లు పెట్టే పెట్ట ఒకటి పొరపాటున కలిసిపోయి వచ్చింది, లోపల పచ్చసొనలు వరసగా, ఆవగింజంత నుంచి గోళీకాయంత దాకా. మా పెద్దోడు పక్కనే కూర్చుని రేపు ఇది గుడ్డయ్యేదా, ఇదేమో ఎల్లుండా అని వేలు పెట్టి అడుగుతుంటే నాకు కాసేపు చెయ్యి ఆగిపోయింది. గుడ్ల పెట్టల కాళ్ళకి రింగులు వెయ్యాల్సిందే.

కడిగినవి ఐసు నీళ్ళలో వేసి చల్లారాకే ప్యాకింగ్. రెండు కిలోల కోడి శుభ్రం చేస్తే కిలోన్నర కూడా రాదు, ఇది చాలామందికి తెలీదు, బ్రాయిలర్ రేటుతో పోల్చి మా రేటు ఎక్కువంటారు. బ్రాయిలర్ ఆరు వారాల్లో రెండు కిలోలు దాటుతుంది, మా నాటుది ఐదారు నెలలు తిరిగితే గానీ కోతకి రాదు, అందులో గద్దకి పోయినవి, ముంగిస ఎత్తుకుపోయినవి, కొక్కెర తెగులుకి పోయినవి ఎవరి లెక్కలోకీ రావు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడైతే గుడ్లు కూడా ఎవరూ ముట్టుకోలేదు. బాగా ఉడికిస్తే ఆ వైరస్ బతకదని ఎంత చెప్పినా భయం భయమే, వాళ్ళనీ ఏమనలేం.

ఈకలు, పేగులు కోళ్ళు తిరగని వైపు గుంటలో ఎండుటాకులతో కలిపి పూడ్చాం, పైన బరువు పెట్టాం కుక్కలు తవ్వకుండా. ఈకలు కుళ్ళడానికి చాలా టైం పడుతుంది గానీ కుళ్ళాక మామిడి మొక్కలకి మంచి బలం.

ప్యాకెట్ తీసుకెళ్ళిన ప్రతి ఒక్కరికీ ఒకటే చెప్పాను, ఇంటికెళ్ళగానే కుక్కర్లో వెయ్యకండి, కోసిన రోజు మాంసం బిగుసుకుని ఉంటుంది, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి రేపు పొద్దున వండండి, అందులోనూ ఇవి కార్తీకం పుణ్యమా అని ఒక నెల ఎక్కువ బతికిన కోళ్ళు, సన్న సెగ మీద ఓపిగ్గా ఉడకాలి. ఒకావిడ పాపం రాసుకుని మరీ వెళ్ళింది. సోమవారం కొత్త కోడిపిల్లలకి లసోటా చుక్కలు, అదే కొక్కెర తెగులు రాకుండా వేసే టీకా, వెయ్యాలి, దానికి ఐసు బాక్సు కడిగి పెట్టుకోవాలి.