వేపచెట్టు నీడలో గడ్డి ఎందుకు చావలేదు

పోయిన వానాకాలం పత్తికొండ దగ్గర మా చిన్నాయన పొలానికి వెళ్ళాను. అప్పటికి వారంగా వాన లేదు, ఎండ మండిపోతోంది. ముందురోజు పొద్దున గట్టు మీద పారాక్వాట్ అనే కలుపు మందు కొట్టారట, ఎండ పడే చోటంతా గడ్డి అప్పుడే మాడిపోయింది, వేపచెట్టు కింద మాత్రం ఇంకా పచ్చగానే ఉంది. "మందు ఒకటే, కొట్టింది నేనే. నీడలోది ఎందుకు చావలేదమ్మా, నువ్వు చదువుకున్నావు కదా, చెప్పు" అన్నాడు.

ఇంటర్ బైపీసీలో కిరణజన్య సంయోగక్రియ (ఆకు వెలుతురుతో ఆహారం చేసుకునే పని) పాఠానికి జెడ్ ఆకారంలో బొమ్మ వేసేదాన్ని, దాని అర్థం నిజంగా తెలిసింది ఆ గట్టు మీదే. ఈ మందు గడ్డిని తానుగా చంపదు, ఎండ చేత చంపిస్తుంది.

మాకు తెలిసిన హంద్రీ-నీవా కాలువనే తీసుకోండి. మల్యాల దగ్గర కృష్ణ నీళ్ళను ఒక్కసారిగా పైకి ఎత్తరు, ఒక పంపింగ్ స్టేషన్ ఎత్తితే అవి కాలువలో పారి ఇంకో స్టేషన్‌కు చేరతాయి, అక్కడ మళ్ళీ ఎత్తుతారు. ఆకులో ఎలక్ట్రాన్ ప్రయాణం కూడా ఇట్లాంటిదే, ఎత్తేది మాత్రం వెలుతురు. మొదటి చోట పత్రహరితం మీద వెలుతురు పడగానే ఒక ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది, ఆ ఖాళీని నింపడానికి ఆకు నీటి నుంచి ఎలక్ట్రాన్ లాక్కుంటుంది. నీరు ఎలక్ట్రాన్‌ను అంత తేలిగ్గా వదలదు. ఆ పని చేసేది నాలుగు మాంగనీసు పరమాణువులు, ఒక కాల్షియం పరమాణువు ఉన్న చిన్న ముద్ద. మనం పీల్చే ఆక్సిజన్ అక్కడ మిగిలిపోయి బయటికి వచ్చిందే!

ఎత్తిన ఎలక్ట్రాన్ చేతులు మారుతూ కిందికి దిగుతుంది, దిగేటప్పుడు ప్రోటాన్లను ఒక సన్నటి పొర లోపలికి తోస్తుంది. చెరువు నిండినట్టు అవి లోపల పేరుకుంటాయి, బయటికి రావడానికి ఉన్న తూము ఏటీపీ సింథేజ్ అనే ఎంజైము. ప్రోటాన్లు దాని గుండా వస్తుంటే అది గిర్రున తిరుగుతుంది, మొక్క పనులకు శక్తినిచ్చే ఏటీపీ తయారవుతుంది. బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మిచెల్ 1961లో ఈ మాట చెబితే చాలామంది నమ్మలేదు. 1966లో అమెరికా శాస్త్రవేత్త ఆండ్రే జాగెన్‌డార్ఫ్ పాలకూర హరితరేణువులను (ఆకులో ఈ పనంతా జరిగే పచ్చటి రేణువులు) చీకట్లోనే ప్రోటాన్లు ఎక్కువగా ఉండే ఆమ్లంలో నానబెట్టి, వెంటనే అవి తక్కువగా ఉండే క్షారంలోకి మార్చాడు, వెలుతురు లేకుండానే ఏటీపీ వచ్చింది. నాకు ఈ ప్రయోగమంటే చాలా ఇష్టం. చెరువు నిండితే చాలు, ఎవరు నింపారన్నది తూముకు అక్కర్లేదు.

రెండోసారి వెలుతురు ఎత్తిన ఎలక్ట్రాన్ చివరికి దాన్ని మోసుకెళ్ళే ఎన్ఏడీపీహెచ్‌లోకి చేరాలి, దానితోనే మొక్క గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మారుస్తుంది. పారాక్వాట్ వచ్చి కూర్చునేది సరిగ్గా అక్కడే. ఎలక్ట్రాన్‌ను దారిలోనే లాగేసి ఆక్సిజన్‌కు అంటగడుతుంది, మళ్ళీ ఖాళీ అయి ఇంకోదాన్ని లాగుతుంది, అందుకే కొంచెం మందే చాలు. ఎలక్ట్రాన్ పట్టిన ఆ ఆక్సిజన్ నుంచి పుట్టేవి ఆకు పొరలను చీల్చేస్తాయి. ఎండ ఎంత గట్టిగా ఉంటే అన్ని ఎలక్ట్రాన్లు, అంత తొందరగా మాడటం. నీడలో ఆ పని నెమ్మదిగా సాగుతుంది, అంతే.

(మనిషి కడుపులోకి పోతే దీనికి విరుగుడు లేదు. చేతులకు తొడుగు, ముఖానికి గుడ్డ లేకుండా కొట్టొద్దని చిన్నాయనతో గొడవపడి మరీ చెప్పాను.)

ఆయన అంతా విని పక్కనున్న వేరుశనగ చేను వైపు చూపించి, "అయితే మధ్యాహ్నం బుడ్డల ఆకు ముడుచుకునేది కూడా ఇందుకేనా?" అన్నాడు. నిజంగా అవును. నీళ్ళు చాలనప్పుడు ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది, కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాదు, ఎలక్ట్రాన్లు పోయే దారి మూసుకుపోతుంది, వెలుతురు మాత్రం పడుతూనే ఉంటుంది. ఏ మందూ కొట్టకపోయినా అదే ప్రమాదం. అందుకని బుడ్డల చెట్టు ఆకులను దగ్గరికి మడిచి, ఎండకు అంచు మాత్రమే తగిలేలా నిలబెట్టుకుంటుంది. ఆ పూట చేనంతా అట్లాగే నిలబడి ఉంది.