కాలనీ రోడ్డుకు ఎన్ని టిప్పర్లు రావాలి?

హైదరాబాద్‌లో రోడ్డు గుంత ఫొటో తీసి యాప్‌లో పెడితే ఎవరో ఒకరు వచ్చి రెండు తట్టల తారు కంకర పోసి పోతారు. ‘పరిష్కారమైంది’ అని మెసేజ్ వస్తుంది. గట్టి వాన ఒకటి పడగానే అదే చోట అదే గుంత, ఇంకాస్త పెద్దదై. పని సరిగ్గా చేయలేదన్నది సగమే కారణం. మిగతా సగం నీళ్లు. తారు పొరలోకి నీరు దిగి నిలిచిందంటే, బండి చక్రం పడ్డ ప్రతిసారీ ఆ నీరు నొక్కుకుపోయి కంకర నుంచి తారును ఒలిచేస్తుంది. అందుకే ముందు గుంత చుట్టుపక్కల చూడాలి. మంజీరా మంచినీళ్ల పైపు లీకవుతోందా, మ్యాన్‌హోల్ పొంగుతోందా, ఎవరి సంపు నీళ్లైనా రోడ్డెక్కుతున్నాయా? తారు రోడ్డుకు మధ్య నుంచి అంచుకు మీటరుకు 2 నుంచి 2.5 సెంటీమీటర్ల వాలు ఉండాలి. అది లేకపోయినా నీరు నిలుస్తుంది. లీకు కనబడితే మొదటి ఫిర్యాదు నగరంలో నీళ్లు, డ్రైనేజీ చూసే జలమండలికి, తర్వాతే గుంత సంగతి.

ప్యాచ్ వేయడానికీ పద్ధతుంది. గుంత అంచులు నిలువుగా, నలుచదరంగా కోయాలి. బురద ఎత్తేసి ఆరనివ్వాలి, ఎమల్షన్ (పొరను అతికించే పలుచని తారు ద్రవం) పూయాలి, తారు కంకర మిక్స్ వేసి రోలర్‌తోనో ప్లేట్ కాంపాక్టర్‌తోనో దట్టించాలి. చదరపు మీటరు విస్తీర్ణం, 5 సెంటీమీటర్ల లోతున్న గుంతకు సుమారు 120 కిలోల మిక్స్ పడుతుంది. రెండు తట్టలు ఏ మూలకు?

ఇక రోడ్డు ఎవరిదో తెలియకుండా ఫిర్యాదు పెడితే ‘మా పరిధి కాదు’ అని మూసేస్తారు. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు పోయేది 163వ నంబరు జాతీయ రహదారి, కూకట్‌పల్లి, మియాపూర్ మీదుగా పోయేది 65. నగరంలోని ప్రధాన రోడ్లలో దాదాపు 709 కిలోమీటర్లను సీఆర్‌ఎంపీ (సమగ్ర రోడ్డు నిర్వహణ కార్యక్రమం) కింద నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ 2019-20లో ఐదేళ్ల నిర్వహణకు ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించింది, ఆ ఐదేళ్లు ముగిశాయి. కాలనీ లోపలి రోడ్లది వేరే లెక్క, అక్కడ ప్రతి పనికీ విడిగా అంచనా, అగ్రిమెంటు, బిల్లు ఉంటాయి.

ఆ కాగితాలే కాలనీ సంఘానికి ఆయుధం. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. ‘రోడ్డు ఎందుకు బాలేదు’ అని అడగొద్దు, దానికి జవాబు రాదు. ఉన్న రికార్డు అడగండి: అగ్రిమెంటు నకలు, అంచనాలో పొడవు, వెడల్పు, మందం, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, డిఫెక్ట్ లయబిలిటీ గడువు (లోపాలకు కాంట్రాక్టరు బాధ్యత వహించే కాలం) ఏ తేదీన ముగుస్తుంది, ఆ రోడ్డు మీద ఇచ్చిన రోడ్ కటింగ్ అనుమతులు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు. సెక్షన్ 2(జె)ని ఎందుకో ఎవరూ పెద్దగా వాడుకోరు. పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సరుకు నమూనాను ధ్రువీకరణతో తీసుకునే హక్కు అందులోనే ఉన్నాయి. లయబిలిటీ గడువు మిగిలి ఉంటే కాంట్రాక్టరు సొంత ఖర్చుతో బాగుచేయాలి. ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) ఇచ్చే లేఖలో ఫొటో కంటే ముందు ఆ తేదీ రాయండి.

అసలు ఆట మాత్రం రోడ్డు వేసే రోజునే. 100 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 40 మిల్లీమీటర్ల మందం అంటే 24 ఘనపు మీటర్లు. దట్టించిన మిక్స్ ఘనపు మీటరుకు సుమారు 2.35 టన్నులు తూగుతుంది, కాబట్టి మొత్తం 56 టన్నులు. టిప్పరుకు 16 టన్నులనుకుంటే మూడున్నర టిప్పర్లు. రెండే వచ్చి పని అయిపోయిందంటే మందం ఎక్కడో కరిగిపోయినట్టే. కాటా చీటీ ప్రతిదీ ఫొటో తీయండి, తర్వాత ఎం-బుక్కుతో పోల్చొచ్చు. రోలర్ ఎక్కక ముందు పొర 50 మిల్లీమీటర్ల దాకా కనబడాలి, గుచ్చి చూడటానికి స్కేలు చాలు.

వేడి మరో సంగతి. వీజీ-30 రకం తారుతో చేసిన మిక్స్ పరిచేటప్పుడు కనీసం 140 డిగ్రీలుండాలి, రోలింగ్ 90కి దిగకముందే ముగియాలి. ప్లాంటు నుంచి ట్రాఫిక్‌లో ఇరుక్కుని, టార్పాలిన్ కూడా లేకుండా వచ్చిన లోడు గడ్డకడుతుంది. అలాంటిది ఎంత తొక్కించినా దిగదు, ఆర్నెల్లలో కంకర లేచిపోతుంది. పొడుగు కాడ థర్మామీటరు కొని ఉంచుకోండి. లేజర్‌ది పైపొర వేడినే చూపిస్తుంది. కింద పూసే ఎమల్షన్ చదరపు మీటరుకు 200 నుంచి 300 గ్రాములు. గోధుమ రంగు నల్లబడే దాకా ఆగాలి, దుమ్ము ఊడ్చకుండా పూస్తే దండగ.

పాత పొరను మిల్లింగ్ చేసి (యంత్రంతో గీకి) తీయకుండా మీద మీద వేయనివ్వొద్దు. రెండు మూడుసార్లు వేసేసరికి గేట్లు రోడ్డుకంటే కిందికి పోతాయి, వానకు నీళ్లు ఇళ్లలోకి వస్తాయి, మ్యాన్‌హోల్ మూతలు గోతుల్లో మిగులుతాయి. మూతలు ఎత్తే పని జలమండలిది. అందుకని రోలర్ రాకముందే రెండు ఆఫీసులకూ ఒకే తేదీతో లేఖ పెట్టండి.

సీసీ రోడ్డయితే 14 రోజులు తడిగా ఉంచాలి. కటింగ్ జాయింట్లు (కాంక్రీటు అడ్డదిడ్డంగా పగలకుండా కోసే గీతలు) మర్నాటికల్లా, మందంలో మూడో వంతు లోతుకు కోయాలి. ఆ పగలూ రాత్రీ ఎవరో ఒకరు కాపలా ఉండండి, ఆటోలు ఎక్కేస్తాయి.