మొక్కింది అమ్మ, జుట్టు నాది

ఆపరేషన్ థియేటర్ బయట కూర్చుని మా అమ్మ మొక్కేసుకుంది. "నా కూతురు గట్టెక్కితే దాని తలనీలాలు నీకిస్తాను స్వామీ" అని. నన్ను అడగలేదు. అడిగినా చెప్పే స్థితిలో నేను లేను.

నెల తర్వాత కీమో మొదలైంది. మొదటి డోసు ఎక్కిన పదహారో రోజు పొద్దున తల దువ్వుకుంటుంటే జుట్టు దువ్వెనతో పాటే వచ్చేసింది. అంతకు రెండు రోజుల ముందు నుంచే మాడు నొప్పి. దిండు మీద తల ఆనిస్తే పుండు మీద ఆనించినట్టుండేది. వారం తిరిగేసరికి మొక్కు తీర్చడానికి తల మీద ఏమీ మిగల్లేదు. అమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆఖరి కీమో అయిన పది నెలలకు ఒకరోజు ఫోన్ చేసి, ఊరికే అడిగినట్టు, "ఓసారి కొండకెళ్ళొద్దామా?" అంది. అప్పటికి నా తల మీద నాలుగు వేళ్ళ పొడుగు జుట్టుంది. ఎందుకు అడుగుతోందో ఇద్దరికీ తెలుసు.

"వెళ్దాం, గుండు కూడా చేయించుకుంటాను" అన్నాను. నెలకి సెంటీమీటరు చొప్పున పెరిగే జుట్టే కదా, మళ్ళీ వస్తుందిలే అని పైకి అన్నాను. ఫోన్ పెట్టేశాక చెయ్యి దానంతటదే తల మీదకి పోయింది.

ఆ కొత్త జుట్టు నాకు బొత్తిగా కొత్త. పాతది నిటారుగా, జారిపోయేంత నున్నగా ఉండేది. ఇప్పుడొచ్చింది రింగులు రింగులు. మా వంశంలో రింగుల జుట్టు ఎవరికీ లేదు. కీమో తర్వాత చాలామందికి ఇలాగే వస్తుందని, కుదుళ్ళు కుదుటపడేకొద్దీ మెల్లగా పాత తీరుకి వచ్చేస్తుందని డాక్టరుగారు చెప్పారు. గుండు సంగతి కూడా ఆవిణ్ణే అడిగాను. రక్త పరీక్షలు చూసి, "చేయించుకోవచ్చు, బ్లేడు మాత్రం కొత్తది ఉండాలి, గాటు పడకూడదు" అన్నారు. గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందట కదా అన్నాను. ఆవిడ నవ్వి, "కుదురు చర్మం కింద ఉంటుందమ్మా, పైన గీకితే దానికేం తెలుస్తుంది?" అన్నారు.

జుట్టు గురించి అందరూ అడిగారు. నిజానికి నన్ను ఎక్కువ ఏడిపించినవి వేరే ఉన్నాయి. ఉదాహరణకి కనుబొమలు. అవి పోయాక బొట్టు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఏళ్ళ తరబడి అద్దం చూడకుండా పెట్టుకున్న బొట్టు! రెండు కనుబొమల మధ్య అని చెయ్యికి అలవాటు. ఆ రెండూ లేకపోయేసరికి ఒకరోజు పైకి, ఒకరోజు పక్కకి పోయేది. ముక్కులో వెంట్రుకలు కూడా రాలిపోయి ముక్కు నీళ్ళలా కారేది. రెప్ప వెంట్రుకలు లేక ఫ్యాను గాలికి కూడా కళ్ళలో నలుసులు పడేవి. విగ్గు కొన్నాను గానీ రెండుసార్లు పెట్టుకుని పెట్టెలో పడేశాను. ఎండలో నెత్తి మీద పిల్లిని కూర్చోబెట్టుకున్నట్టుంది. మెత్తటి నూలు స్కార్ఫే హాయి. సిల్కుదైతే నున్నటి తల మీద నిలవదు, జారుతుంది.

ఇక గోళ్ళు. మొదటి నాలుగు డోసులు ఎర్రగా ఉండే కీమో మందు, తర్వాతి నాలుగు డోసిటాక్సెల్ అనే ఇంకో మందు. ఈ రెండోది గోళ్ళకి పడదు. అది ఎక్కుతున్నంతసేపూ చేతులకి ఐసు గ్లవ్స్ వేసుకోమన్నారు, వేసుకున్నాను. వేళ్ళు కొంకర్లు పోయేవి గానీ చేతి గోళ్ళు నిలబడ్డాయి. అడ్డంగా గీతలు మాత్రం పడ్డాయి, డోసుకొకటి చొప్పున, మెట్లు చెక్కినట్టు. గోరు నెలకి మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి ఆ మెట్లు నెలనెలా పైకి జరుగుతూ ఆరు నెలలకి చివరికొచ్చాయి, కత్తిరించి పారేశాను. గోళ్ళు పొట్టిగా ఉంచుకోవడం, గిన్నెలు తోమేటప్పుడు రబ్బరు గ్లవ్స్, గోరు మొదట్లో ఉన్న చర్మాన్ని గిల్లకుండా కొబ్బరినూనె రాయడం, అంతకుమించి నేను చేసిందేం లేదు. బయోటిన్ బిళ్ళలు మింగమని చుట్టాలు చెప్పారు. అవి కొన్ని రక్త పరీక్షల ఫలితాల్ని తారుమారు చేస్తాయని, తనని అడక్కుండా వేసుకోవద్దని డాక్టరుగారు ముందే చెప్పి ఉన్నారు.

కాళ్ళకి కూడా ఐసు పెట్టొచ్చని నాకెవరూ చెప్పలేదు. కుడికాలి బొటనవేలి గోరు నల్లబడి, కింద చర్మాన్ని వదిలేసి, మూత తెరిచినట్టు పైకి లేచింది. కాలి గోరు చాలా బద్ధకం. మొత్తం కొత్తది రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. పీకొద్దు, దేనికీ తట్టుకోకుండా టేపు వేసుకో అన్నారు. పది నెలలుగా అదే పని.

ఇంకో సంగతి చెప్పాలి. జబ్బు బయటపడ్డప్పటి నుంచి ఇంట్లో నన్నెవరూ పల్లెత్తు మాట అనడం లేదు. స్టవ్ ఆపడం మర్చిపోయినా, గిన్నె మాడ్చినా, "పర్లేదులే" అంటారు. మా అమ్మకి నన్ను తిట్టకుండా పూట గడిచేది కాదు. అలాంటిది నా ముందు గొంతు కూడా పెంచడం మానేసింది. ఆ మెత్తదనం ఒక్కోసారి కీమో కంటే భయం వేసేది.

అమ్మ, మా ఆయన బస్సులో కొండెక్కేట్టు, నేనూ చెల్లీ అలిపిరి నుంచి నడిచేట్టు మాట్లాడుకున్నాం. మందుల వల్ల నా అరికాళ్ళకి ఇప్పటికీ స్పర్శ సరిగా లేదు, రాయి గుచ్చుకున్నా తెలియదు. బూట్లు వేసుకోమని డాక్టరుగారు, చెప్పులతో మెట్లెక్కుతావా అని అమ్మ. చివరికి దళసరి సాక్సులు రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసుకుని బయల్దేరాను. ఇద్దరి మాటా సగం సగం విన్నట్టయింది.

పాదాల మండపంలో స్వామి పాదుకలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేశాం. స్కార్ఫు తీసేసి పెట్టుకున్నాను. చల్లటి లోహం మాడుకి తగిలింది. తలయేరు గుండు దగ్గర ఆ బండకి తల, మోకాళ్ళు ఆనిస్తే నొప్పులు రావంటారు. నేను బొటనవేలు కూడా ఆనించాను. చెల్లి నవ్వింది.

గాలిగోపురం దాకా మెట్లు నిలువుగా ఉంటాయి. పదిహేను మెట్లకోసారి ఆగాను. చెల్లి మెట్టు మెట్టుకీ పసుపూ కుంకుమా పెడుతోంది కాబట్టి దాని వేగమూ అంతే. మొత్తం 3,550 మెట్లకీ పెడతానని మొదలుపెట్టి, నడుం పట్టేసి, గాలిగోపురం దాటాక చదునుగా ఉన్న చోటల్లా మెట్లు లేవని సంతోషించింది. పైనుంచి దర్శనం చేసుకుని దిగివస్తున్నవాళ్ళు ఎదురయ్యారు. ఆడా మగా, పిల్లా పెద్దా, గంధం పూసిన గుండ్లు. ఒకావిడ నన్ను చూసి, "మొన్నెప్పుడో ఇచ్చినట్టున్నావ్, అప్పుడే మళ్ళీ వచ్చావా తల్లీ" అంది. అవునన్నాను. బస్టాపుల్లో, పెళ్ళిళ్ళలో నా తలకేసి చూసి చప్పున చూపు తిప్పుకున్నవాళ్ళని ఏడాదిన్నరగా చూశాను. గుండున్న ఆడమనిషిని చూసి పుణ్యం చేసుకుందనుకునే దారి మాత్రం ఇదొక్కటే తగిలింది.

ఏడో మైలు ఆంజనేయస్వామి దాటి మోకాళ్ళమెట్టు ఎక్కుతుండగా అయింది ఆ పని. కాలు సరిగా ఎత్తలేదేమో, బొటనవేలు మెట్టు అంచుకి కొట్టుకుంది. పెద్దగా నొప్పేమీ లేదు. రెండు మెట్లు ఎక్కాక సాక్సులో ఏదో కదులుతున్నట్టనిపించి పక్కకి కూర్చుని తీశాను. టేపుతో సహా గోరు ఊడి చేతిలోకి వచ్చింది. నల్లగా, ఎండిపోయి, చింతగింజ పెంకులా ఉంది. కింద చూస్తే రక్తం చుక్క లేదు. సగం దాకా కొత్త గోరు, పలచగా, గులాబీ రంగులో. పసిపిల్లల గోరులా ఉంది. ఎప్పటి నుంచి ఎదుగుతోందో, మూత మీద మూతలా దాని మీద టేపు వేస్తూ కూర్చున్నాను.

సీసాలో నీళ్ళతో కడిగి, బ్యాగులో ఉన్న మందు రాసి, గాజుగుడ్డ చుట్టి, పొడి సాక్సు వేసుకున్నాను. చెల్లి అంతసేపూ ఆ గోరుని తేరిపార చూస్తోంది.

"అక్కా, అమ్మ జుట్టు మొక్కితే ఈయనేంటే గోరు తీసుకున్నాడు?"

మెట్ల మీద కూర్చుని ఇద్దరం నవ్వీ నవ్వీ అలిసిపోయాం. మరి దాన్నేం చేయాలి? గోళ్ళు ఎక్కడపడితే అక్కడ పడేయకూడదని చిన్నప్పటి నుంచీ వింటున్నాం, పైగా కొండ మీద. చెల్లి కుంకుమ పొట్లం కాగితం చింపి ఇచ్చింది. పొట్లం కట్టి పర్సులో జిప్పు అరలో పెట్టాను.

పైకి చేరేసరికి ఆరు గంటలు పట్టింది. కల్యాణకట్ట దగ్గర అమ్మ, మా ఆయన ఎదురుచూస్తున్నారు. టోకెను, బ్లేడు చేతికిచ్చారు. కొత్త బ్లేడే, డాక్టరుగారి షరతు తీరింది. లోపల ఆడవాళ్ళకి ఆడవాళ్ళే గుండు చేస్తున్న వరసలో కూర్చున్నాను. నీలాదేవి స్వామికి తన కురులిచ్చిందనీ, అందుకే వీటిని తలనీలాలంటారనీ అమ్మ చిన్నప్పుడు కథ చెప్పేది. నేలంతా తడి, పక్కన ఎవరిదో నడుం దాటే జడ ముడి విప్పకుండానే పడి ఉంది.

గుండు చేసే అమ్మాయి నా తల తడుపుతూ వేళ్ళతో రింగులు సాగదీసి చూసింది. "మందుల జుట్టా అమ్మా?" అంది. ఎలా తెలిసిందన్నాను. "రోజూ ఎన్ని తలలు చూస్తాం" అంది అంతే.

బ్లేడు బిగిస్తుండగా అమ్మ వచ్చి ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. "వద్దమ్మా. వద్దులే."

నాకు ఒళ్ళు మండింది. వారం రోజులుగా మనసు రాయి చేసుకుని వచ్చాను. "నువ్వే కదా మొక్కుకుంది! ఇప్పుడు వద్దంటావేంటి?" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తున్నారు.

"మొక్కుకున్నానే. అప్పటికి నీ బోడితల చూళ్ళేదు కదా" అంది అమ్మ. "ఆర్నెల్లు చూశాను. నువ్వు నిద్రపోయాక పక్కన కూర్చుని చూసేదాన్ని. మళ్ళీ నావల్ల కాదే."

ఏం మాట్లాడాలో తోచలేదు. ఆ అమ్మాయే, వెనక క్యూ పెరిగిపోతోందన్న తొందరలో కావచ్చు, "మూడు కత్తెరలు ఇచ్చేయండమ్మా, ఆడవాళ్ళు చాలామంది ఇస్తారు, స్వామి కాదంటాడా" అంది. అమ్మ నాకేసి చూసింది. తలూపాను. కత్తెర మూడుసార్లు కిచకిచమంది. మూడు రింగులు నేల మీద పడి నీళ్ళలో కొంచెం జరిగి ఆ పెద్ద జడకి అంటుకుపోయాయి.

దర్శనం గురించి రాయడానికి ఎక్కువ లేదు. గంటల క్యూ, తర్వాత ఆ కొన్ని క్షణాలు, అంతలో "జరగండి, జరగండి". అమ్మ గోవిందా గోవిందా అంటూ ఏడ్చింది. నేను ఏమడగాలో మర్చిపోయాను.

దిగేటప్పుడు నలుగురం బస్సులోనే దిగాం. ఘాట్ రోడ్డు మలుపుల్లో సాక్సు విప్పి కట్టు సరిచేసుకుంటుంటే అమ్మ చూసింది.

"కాలికేమైంది?"

"గోరూడింది. మోకాళ్ళమెట్టు దగ్గర. కింద కొత్తది వస్తోందిలే."

"ఊడిన గోరేది?"

"పర్సులో ఉంది."

"పర్సులోనా? దర్శనానికి వచ్చినప్పుడు ఈ పర్సు నీ చేతిలోనే ఉందిగా?"

చెల్లి కిటికీలోంచి బయటికి చూస్తోంది. మా ఆయన కళ్ళు మూసుకున్నారు.

"బుద్ధుందా నీకు? నలభై అయిదేళ్ళొచ్చాయి! గోరు మూటగట్టుకుని గర్భగుడి దాకా తీసుకొస్తావా? అంటూ సొంటూ లేదా? నిన్ను కాదు, నీ పక్కనున్న దాన్ననాలి, అదైనా చెప్పొద్దూ..."

ముందు సీట్లోవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. అలిపిరి వచ్చేదాకా తిడుతూనే ఉంది.